అడుగుకు 1,150 అన్న మేస్త్రీ లెక్కలో లేనివి: పెరటి గోడ అంచనా

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. శ్రీకాకుళం శివారులో మీ ఇంటి వెనుక పెరడు ఉంది. వెనుక హద్దు 42 అడుగులు, పక్కలు 27 అడుగుల చొప్పున, మొత్తం 96 అడుగుల పొడవున ఆరడుగుల గోడ కట్టి, పెరట్లో అంట్లు తోముకునేవారి మీద, బట్టలు ఆరవేసుకునేవారి మీద బయటివారి చూపు పడకుండా చేయాలన్నది మీ ఉద్దేశం. ఇల్లు కట్టేటప్పుడు గ్రావెల్ పోయించి స్థలాన్ని రెండడుగులు మెరక చేశారు. వెనుక ఇంటివారిది మేడ. ఎడమ పక్క ఖాళీ స్థలం ఇంకా పల్లంగానే ఉంది. ఒక మేస్త్రీ సామానుతో సహా అడుగుకు 1,150 రూపాయలు చెప్పారు. మరొకరు అచ్చు పోసి తెచ్చే కాంక్రీటు స్తంభాలు, పలకలతో నిలబెట్టే రెడీమేడ్ గోడ అయితే మూడు రోజుల్లో నిలబెడతామన్నారు. సామాను ఎంత పడుతుంది, ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలి అన్నది మీ సందేహం.

ముందుగా సూటి జవాబు. పిల్లర్లు వేసి, నాలుగంగుళాల ఫ్లై యాష్ ఇటుక గోడ కట్టి, రెండు వైపులా ప్లాస్టరింగ్ చేయిస్తే మీ 96 అడుగులకు సుమారు 2,200 ఇటుకలు, 65 బస్తాల సిమెంటు, 310 కిలోల ఇనుము, రెండుంపావు యూనిట్ల ఇసుక, రెండు యూనిట్ల కంకర (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు) పడతాయి. కూలితో కలిపి ఖర్చు 1,50,000 రూపాయల దగ్గర ఉంటుంది. ఎడమ పక్క పల్లం వైపు రాతి కట్టుబడి తప్పదు కనుక మరో 18,000 కలపండి. రంగుల ఖర్చు వేరు. అంటే అడుగుకు 1,150 అన్న మేస్త్రీ మోసగాడని కాదు, ఆయన కట్టబోయే గోడ మీరు మనసులో అనుకుంటున్న గోడ కాదని. రెడీమేడ్ గోడ ఇందులో మూడో వంతు ఖర్చుతో అయిపోతుంది గాని, కొత్తగా మెరక చేసిన నేలలో దాన్ని నేను సిఫారసు చేయను.

నేను విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇరవై ఆరేళ్ళుగా ఇళ్ళు కట్టిస్తున్నాను. ప్రహరీ పని వచ్చిన ప్రతిసారీ ఇంటివారు మొదట అడిగేది "అడుగుకు ఎంత" అనే. గుంట ఎంత లోతు, పిల్లరు రాడ్లను చుట్టి కట్టే రింగులు ఎంత దూరంలో కడతారు, గోడ కింద బీమ్ ఉందా లేదా అన్న సంగతులు తేలకుండా చెప్పిన అడుగు ధరకు అర్థం లేదు. రెండు ధరల మధ్య తేడా చాలావరకు నేల కిందే ఉంటుంది, పని అయ్యాక అది ఎవరికీ కనబడదు. అందుచేత లెక్కను కింది నుంచే మొదలుపెడదాం.

అంతకంటే ముందు ఒక చిన్న కొలత చూడాలి, ఎందుకంటే మీరు గోడ కడుతున్నదే చూపు పడకుండా ఉండటానికి. వెనుక ఇంటి మొదటి అంతస్తులో నిలబడినవారి కన్ను మీ నేల నుంచి దాదాపు 16 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆ ఇల్లు మీ హద్దుకు 8 అడుగుల దూరంలో ఉందనుకుందాం. ఆ కంటి నుంచి మీ గోడ తలకట్టు మీదుగా దారం లాగినట్టు ఊహించుకుంటే, 8 అడుగుల దూరంలో అది 10 అడుగులు దిగుతుంది. అదే వాలులో లోపలికి వస్తే, అయిదడుగుల మనిషి పూర్తిగా మరుగయ్యేది గోడను ఆనుకుని ఉన్న 10 అంగుళాల జాగాలో మాత్రమే. గోడను ఎనిమిదడుగులకు లేపినా ఆ మరుగు 3 అడుగులకు మించదు. నేల మీద నడిచేవారి చూపుకు ఆరడుగులు చాలు. మేడ మీది చూపుకు ఎంత ఎత్తు గోడ అయినా చాలదు. కనుక ఎత్తు కోసం డబ్బు పోయకండి. బట్టల తీగ, అంట్ల గట్టు ఉన్న చోట గోడకు లోపలి వైపు నాలుగు గొట్టాలు పాతించి దొండ పాదునో చిక్కుడు పాదునో పందిరి ఎక్కించండి, లేదా ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టించండి. రెండు మూడు వేలతో అయ్యే పని అది. కుడి పక్కవారు తమ స్థలాన్ని మీకంటే మెరక చేసుకుని ఉంటే మాత్రం ఎంత మెరక ఉందో అంత ఎత్తు ఆ వైపు గోడకు కలపవలసిందే.

ఇక లెక్క. పిల్లర్లను ఎనిమిది అడుగులకు ఒకటి చొప్పున వేస్తే 96 అడుగులకు 12 అరలు (పిల్లరుకూ పిల్లరుకూ మధ్య జాగాలు), 13 పిల్లర్లు. మూల పిల్లరును రెండు గోడలకూ కలిపి ఒకసారే లెక్కపెట్టాలి. వెనుక హద్దుకు వేరుగా, పక్కలకు వేరుగా లెక్క వేసి చివర కూడితే 15 అవుతాయి, చాలామంది ఇక్కడే పొరబడతారు.

గుంటలు. రెండున్నర అడుగుల చదరం, మూడున్నర అడుగుల లోతు. ఇందులో పై రెండడుగులు మీరు పోయించిన గ్రావెలే. అసలు నేలలోకి గుంట దిగేది అడుగున్నరే. ఇంతకంటే తగ్గించడానికి ఎవరు ఒప్పించబోయినా ఒప్పుకోకండి. అడుగున నాలుగంగుళాల బెడ్ కాంక్రీటు, దాని మీద 8 ఎంఎం రాడ్ల జాలీతో తొమ్మిదంగుళాల ఫుటింగ్, అంటే పిల్లరు నిలబడే కాంక్రీటు పాదం. మీ నేల నల్లరేగడి అయితే, వేసవిలో వేలు దూరేంత బీటలు వారుతూ ఉంటే, గుంటను మరో అడుగు దించి, ప్లింత్ బీమ్ (నేల మట్టంలో గోడను మోసే కాంక్రీటు దూలం) కింద మూడు నాలుగు అంగుళాలు ఇసుక పరిపించాలి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది, దానితో పాటే గోడా కదులుతుంది.

పిల్లర్లు, బీమ్‌లు. పిల్లరు తొమ్మిదంగుళాల చదరం, ఫుటింగ్ మీది నుంచి ఎనిమిదిన్నర అడుగులు, నాలుగు 10 ఎంఎం రాడ్లు, ఆరంగుళాలకు ఒక 6 ఎంఎం రింగు. నేల మట్టంలో తొమ్మిదంగుళాల ప్లింత్ బీమ్, దానికీ నాలుగు 10 ఎంఎం రాడ్లు. గోడ పైన రెండు 8 ఎంఎం రాడ్లతో మూడంగుళాల తలకట్టు. వీటన్నిటి కాంక్రీటు 181 ఘనపుటడుగులు. ఒకటి సిమెంటుకు ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్ళలో కలిపితే 41 బస్తాల సిమెంటు పడుతుంది. గుంటల్లోనూ బీమ్ కిందా వేసే బెడ్ కాంక్రీటుకు మరో అయిదు బస్తాలు.

ఇనుము తూకం ఎవరైనా సులువుగా కట్టుకోవచ్చు. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఆ లెక్కన 10 ఎంఎం అడుగుకు 188 గ్రాములు, 8 ఎంఎం 120 గ్రాములు, 6 ఎంఎం 68 గ్రాములు. మీ గోడకు 10 ఎంఎం 177 కిలోలు, 8 ఎంఎం 64 కిలోలు, 6 ఎంఎం 58 కిలోలు వచ్చాయి. తుంపులుగా పోయేది కలుపుకుని 310 కిలోలు కొనండి. కొట్టువారు కట్టల లెక్కన అంటగట్టబోతే ఈ కాగితం చూపించి తూకం మీదే తీసుకోండి.

ఇటుక పని. పిల్లర్ల మందం 13 చోట్ల పోగా మిగిలే గోడ పొడవు 86 అడుగుల పైచిలుకు. ప్లింత్ బీమ్ నేల మీద ఆరంగుళాలు కనబడుతుంది, పైన తలకట్టు మూడంగుళాలు. కనుక ఇటుక కట్టే ఎత్తు అయిదుంపావు అడుగులే. వైశాల్యం 453 చదరపు అడుగులు. తొమ్మిది, నాలుగు, మూడు అంగుళాల ఇటుకను నాలుగంగుళాల మందంతో కడితే చదరపు అడుగుకు నాలుగున్నర పైన పడతాయి, విరిగేవి కలిపి 4.8 వేసుకుంటే 2,174. అందుకే 2,200 అన్నాను. పూర్తి ఆరడుగుల ఎత్తును, 96 అడుగుల పొడవును గుణించి ఇటుకలు చెప్పే మేస్త్రీలు ఉన్నారు. అలా చెబితే 2,760 దాటుతుంది, మిగిలిన 500 పైచిలుకు ఇటుకలు మీ పెరట్లో నాచు పట్టి పడి ఉంటాయి. కట్టుబడికి ఒక పాలు సిమెంటుకు అయిదు పాళ్ళ ఇసుక కలిపిన మాలు సరిపోతుంది, ఆరు బస్తాలు పడతాయి. రెండు వైపులా ప్లాస్టరింగ్ 1,150 చదరపు అడుగులు, దానికి పది బస్తాలు. 41, 5, 6, 10 కలిపితే 62. చేతిలో మూడు ఎక్కువ ఉంచుకుంటే 65.

మన వైపు బట్టీ ఎర్ర ఇటుక కూడా దొరుకుతుంది. బాగా కాలిన సరుకు అయితే నాకు దాని మీద ఫిర్యాదు లేదు గాని, కొలతలు ఇటుకకూ ఇటుకకూ మారుతుంటాయి కనుక ప్లాస్టరింగ్ మాలు ఎక్కువ తింటుంది. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం ఉండటం వల్ల ఉత్తరాంధ్రలో ఫ్లై యాష్ ఇటుకకు బూడిద కొరత లేదు. ఏ ఇటుక అయినా కొనే ముందు రెండింటిని ఇంటికి తెచ్చుకుని, పొడిగా ఉన్నప్పుడు ఒకదాన్ని తూచి, రాత్రీ పగలూ 24 గంటలు నీళ్ళలో ఉంచి మళ్ళీ తూచండి. మూడు కిలోల ఇటుక 3.6 కిలోలు దాటిందంటే ఆ లోడు వద్దనండి. నీరు అంత పీల్చే ఇటుక మాలులోని తడిని కూడా పీల్చేస్తుంది.

ఇసుక. కట్టుబడికి, ప్లాస్టరింగ్‌కు, కాంక్రీటుకు కలిపి 194 ఘనపుటడుగులు లెక్క వస్తుంది, నేలపాలయ్యేది కలుపుకుని 225 తెప్పించండి. అంటే రెండుంపావు యూనిట్లు. అయితే వచ్చిన ట్రాక్టరును టేపు పెట్టి కొలవకుండా దించనివ్వకండి. తొట్టి లోపలి పొడవు 10 అడుగులు, వెడల్పు 6 అడుగులు, ఇసుక మట్టం 19 అంగుళాలు ఉంటే 95 అడుగులు వచ్చినట్టు. 15 అంగుళాలే ఉంటే 75. పైగా తడి ఇసుక పొంగి ఉంటుంది, నాగావళి నుంచి తెల్లవారుజామున ఎత్తిన ఇసుక మధ్యాహ్నానికి మట్టం దిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. 2024 జూలై నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితమే అయినా, ఎత్తుడు కూలి, ట్రాక్టరు బాడుగ మీరే ఇచ్చుకోవాలి. కనుక అంచనాలో ఇసుక దగ్గర సున్నా వేయకండి.

ఇప్పుడు ధరలు. కింద వేసినవి లెక్క నడిపించడానికి పెట్టుకున్న ధరలు. మీ ఊరి కొట్టులో అడిగిన ధరను వాటి స్థానంలో వేసుకుంటే చాలు, పరిమాణాలు మారవు. సిమెంటు బస్తా 350 చొప్పున 22,750. ఇటుక ఇంటికి చేర్చి 8 రూపాయల చొప్పున 17,600. ఇసుక ఘనపుటడుగు 40 చొప్పున 9,000. ఇరవై ఎంఎం కంకర 155 అడుగులు, నలభై ఎంఎం 45 అడుగులు కలిపి 8,800. ఇనుము కిలో 62 చొప్పున, కట్టు తీగతో కలిపి 19,500. సామాను మొత్తం దాదాపు 77,600. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక, ఇల్లు కట్టినప్పటి పాత బిల్లులు చూసి ధర వేయకండి.

కూలి దగ్గర నేను రోజుల లెక్కే నమ్ముతాను. ఇటుక పనికి ఏడు, ప్లాస్టరింగ్‌కు పదకొండు, రాడ్ కట్టడానికీ సెంట్రింగ్‌కూ కాంక్రీటుకూ పన్నెండు, మొత్తం ముప్పై తాపీ పని దినాలు. రోజుకు 1,000 చొప్పున 30,000. గుంటలు తవ్వడం, మాలు కలపడం, అందించడం కలిపి నలభై అయిదు కూలి దినాలు, 700 చొప్పున 31,500. సెంట్రింగ్ బాడుగ 4,000. కలిపి 65,500.

మోత కూలి అన్నది ఎవరి అంచనాలోనూ కనబడదు, నా మొదటి అంచనాల్లోనూ ఉండేది కాదు. విజయనగరంలో ఒక పాత వీధిలో ఇలాంటి పెరటి గోడే ఒప్పుకున్నాను. ఇంటికీ పక్క గోడకూ మధ్య సందు మూడడుగులు కూడా లేదు. అందులో ఒక చోట నీళ్ళ మోటారు గట్టు. లారీ వీధి మొదట్లో ఆగిపోయింది. అక్కడి నుంచి ప్రతి ఇటుకా తల మీద, ప్రతి గమేళా ఇసుకా చేతుల మీద వెళ్ళవలసి వచ్చింది. మోటారు గట్టు దగ్గర మనిషి పక్కకు తిరిగితే గాని గమేళా పట్టదు. నా లాభం మొత్తం ఆ సందులోనే పోయింది. మీ గోడకు పట్టే సామాను తూచి చూస్తే ఇటుకలు ఆరున్నర టన్నులు, సిమెంటు మూడుంపావు, ఇసుక పది, కంకర ఎనిమిదిన్నర, వెరసి 28 టన్నులకు పైనే. ఎడమ పక్క ఖాళీ స్థలం యజమానిని అడిగి ట్రాక్టరును అటు నుంచి వెనక్కు తీసుకురాగలిగితే ఈ ఖర్చు ఉండదు. అందుకోసం ఆ పక్క గోడను ఆఖరున కట్టించండి. దారి దొరకకపోతే 8,000 వేసుకోండి. నేను దాన్ని కలిపే 1,50,000 దగ్గర అన్నాను.

ఇక ఎడమ పక్క. మీ ప్రశ్నలో మీరు ఒక్క వాక్యంలో దాటించిన ఈ విషయమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడింది. మీది రెండడుగులు మెరక, వారిది పల్లం. అంటే ఆ 27 అడుగుల గోడ చూపును ఆపడమే కాదు, రెండడుగుల మట్టిని కూడా ఆపాలి. నాలుగంగుళాల ఇటుక గోడ ఆ పని చేయలేదు. పల్లం వైపు నేలలో అడుగున్నర దిగి, మీ మట్టం వరకు వచ్చేలా సగటున అడుగున్నర మందంతో రాతి కట్టుబడి చేయించి, దాని మీద ప్లింత్ బీమ్ వేయించాలి. 27 అడుగులకు 142 ఘనపుటడుగుల కట్టుబడి. రాయి 170 అడుగులు, సిమెంటు ఏడు బస్తాలు, ఇసుక అర యూనిట్, కూలితో కలిపి సుమారు 18,000. ఆ వైపు పిల్లర్ల గుంటలు కూడా పల్లం నేల నుంచి లోతు కొలుచుకుని తవ్వాలి, మీ మెరక మీది నుంచి కాదు.

ఆ రాతి కట్టుబడిలో నీటి తూములు తప్పనిసరి. అయిదారు అడుగులకు ఒకటి చొప్పున మూడంగుళాల పీవీసీ గొట్టం ముక్కలు బయటికి వాలుగా పెట్టించి, లోపలి మూతి దగ్గర రెండు గమేళాల కంకర పోయించండి. కొన్నేళ్ళ కిందట విజయనగరం శివారులో నేను కట్టని ఒక గోడను చూడమని పిలిచారు. కట్టి రెండేళ్ళు కాలేదు. లోపలి వైపు రెండడుగుల మెరక, బయట పంట కాలువ. బయటికి నీరు కారితే గోడ మీద చారలు పడతాయని ఇంటి యజమాని తూములు వద్దన్నారట. ఒక ఆశ్వయుజ మాసపు వాన మూడు రోజులు వదలకుండా కురిసేసరికి లోపలి మట్టి బురదై, గోడ నడుము దగ్గర ఉబ్బి, నలభై అడుగుల మేర ఒక్క పెట్టున కాలువలోకి ఒరిగింది. ప్లాస్టరింగ్ ఊడకుండా పలకలా పడింది, అంటే మేస్త్రీ పనిలో లోపమేమీ లేదు. మళ్ళీ కట్టడానికి అయిన ఖర్చు మొదటి దానికంటే ఎక్కువ, శిథిలాలను కాలువలోంచి తీయించడం అదనం.

మీ పెరట్లో వాన నీరు ఇప్పుడు ఎటు పోతున్నదో కూడా ఒక వానలో నిలబడి చూడండి. వెనక్కే పోతూ ఉంటే, వెనుక గోడ కట్టాక పెరడు చెరువవుతుంది. ప్లింత్ బీమ్ కింద నుంచి నాలుగంగుళాల గొట్టం ఒకటి రెండు చోట్ల వదలాలి. అది వెనుక ఇంటివారి స్థలంలోకి పడేటట్టయితే వారితో మాట్లాడకుండా చేయకండి.

రెడీమేడ్ గోడ సంగతి. ఏడడుగుల పలకలు అయితే వెనుక ఆరు అరలు సరిగ్గా కుదురుతాయి. పక్కల 27 అడుగుల్లో మూడు పూర్తి అరలు, ఆరడుగుల కోత అర ఒకటి వస్తాయి. మొత్తం 14 అరలు, 15 స్తంభాలు, 84 పలకలు. చదరపు అడుగుకు 90 వేసుకుంటే 52,000 చేరుతుంది. గట్టి నేలలో, ఇరు పక్కలా మట్టం సమంగా ఉన్న చోట, ఖాళీ స్థలాల చుట్టూ నేనే చాలా చోట్ల పెట్టించాను. కానీ ఆ స్తంభం ఎనిమిదడుగులది, నేలలోకి దిగేది రెండడుగులు. మీ నేలలో ఆ రెండడుగులూ పోసిన గ్రావెలే. మొదటి వర్షాకాలానికే వరుస అటూ ఇటూ ఒరుగుతుంది. మీరు ఇంకా అదే కావాలనుకుంటే పదడుగుల స్తంభాలు దొరుకుతాయేమో అడిగి, నాలుగడుగులు దించి, గుంట నిండా కాంక్రీటు పోయించండి. పల్లం వైపు మాత్రం అది ఎలాగూ కుదరదు. పలకల సందుల్లోంచి వెలుతురు కనబడుతుంది, సందులు పూయించాలి. అది ధరలో కలిసి ఉందో లేదో అడగండి.

ఇనుప గొట్టాలకు రేకులు బిగించే పద్ధతిని మీరు అడగలేదు గాని ఎవరో ఒకరు చెబుతారు కనుక ముందే చెబుతున్నాను. ఇది తుపానుల తీరం. గాలి లెక్కల ప్రమాణాల్లో విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్ల వేగం వేసుకోమన్నారు. ఆ వేగం దగ్గర చదరపు అడుగుకు 14 కిలోల ఒత్తిడి పడుతుంది. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు ఉన్న ఒక్క అర మీద అది 670 కిలోలు. రేకు గోడకు సొంత బరువు లేదు, పట్టంతా గొట్టం పాదంలోనే ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు, అడుగున్నర గుంటల్లో రెండంగుళాల గొట్టాలు పాతి కట్టిన ఒక రేకుల కంచె నాకు తెలిసినవారిది విజయనగరం దగ్గర లేచిపోయింది. మర్నాడు వెతికితే నాలుగు రేకులు చెరువులో తేలాయి, మిగతావి దొరకనే లేదు. ఇటుక గోడలు కూడా పడ్డాయి, అయితే పడినవాటిలో నేను చూసినవన్నీ పిల్లర్లు లేనివి, లేదా పిల్లరు ఉన్నా రింగులు అడుగుకొకటి కట్టినవి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటాక ఉద్దానంలో కూడా ఇదే కనబడింది. ఆరంగుళాలకు ఒక రింగు అన్న మాటను నేను పట్టుకుని వేలాడటానికి కారణం ఇదే. మీ గోడ మొత్తం మీద రింగుల ఇనుము 58 కిలోలు, అందులో సగం మిగిల్చినా మేస్త్రీకి మిగిలేది రెండు వేలు కూడా కాదు.

డబ్బు ఇప్పుడే సర్దుబాటు కాకపోతే తాటాకు దడి, వెదురు తడక చిన్నచూపు చూడవలసినవేమీ కావు. సరుగుడు వాసాలు నాలుగడుగులకొకటి పాతి, పాదాలకు తారు పూసి, తడక కట్టిస్తే రెండేళ్ళు చూపు ఆగుతుంది, ఈలోగా మెరక కూడా దిగి గట్టిపడుతుంది. చెదలు పడితే మూడో ఏడు వాసాలు మార్చాలి.

హద్దు. గుంట తవ్వక ముందే సర్వేయరు చేత కొలిపించి రాళ్ళు వేయించండి. మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీరు పురపాలక సంఘం పరిధిలో ఉంటే ప్రహరీకి అనుమతి ఏమైనా కావాలా అని వార్డు ప్లానింగ్ కార్యదర్శిని అక్కడే అడగండి. ఒక చిక్కు ఉంది: రెండున్నర అడుగుల ఫుటింగ్ మధ్యలో పిల్లరు లేపి, ఆ పిల్లరును హద్దు మీద పెడితే, ఫుటింగ్ పది అంగుళాలకు పైగా పక్కవారి నేలలోకి వెళ్తుంది. రేపు వారు ఇల్లు కట్టుకునేటప్పుడు అది బయటపడుతుంది. వారు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఫుటింగ్‌ను మీ వైపుకే జరిపి, పిల్లరును దాని అంచున లేపాలి. అలా లేపినప్పుడు బరువు ఒక పక్కకు పడుతుంది కనుక ఫుటింగ్‌ను మీ లోపలికి మరో అరడుగు పెంచి, ప్లింత్ బీమ్‌ను తెగకుండా ఆ చివర నుంచి ఈ చివర వరకు నడిపించాలి.

మీ బోరు నీరు ఉప్పగా ఉంటే కాంక్రీటుకూ తడపడానికీ వాడకండి, ట్యాంకరు తెప్పించండి. ఇనుము బయటి అంచుకు అంగుళంన్నర లోపల ఉండేలా కవర్ బిళ్ళలు పెట్టించండి. కాంక్రీటును పది రోజులు, ఇటుక గోడను ఏడు రోజులు పొద్దునా సాయంత్రమూ తడపాలి. ఇది ఇంటివారు చేయవలసిన పని, మేస్త్రీ మనిషి ఒకసారి చల్లి వెళ్ళిపోతాడు.

పనికి రోజులు చూసుకోవడం కూడా ఖర్చులో భాగమే. అక్టోబరు, నవంబరు నెలల్లో గుంటలు తవ్వితే నీళ్ళు తోడటానికే కూలీలు కావాలి. కోతల రోజుల్లో మనుషులు దొరకరు. మన తాపీవారిలో చాలామంది హైదరాబాదు, చెన్నై పనుల మీద ఉండి సంక్రాంతికి ఊరికి వస్తారు, పండగ అయ్యాక వెంటనే కదలకుండా పది పదిహేను రోజులు ఉండేవారు ఉంటారు. నేను చిన్న పనులను అప్పుడే పెట్టుకుంటాను.

ఇప్పుడు ఆ 1,150 చెప్పిన మేస్త్రీ దగ్గరకు మళ్ళీ వెళ్ళండి. గుంట లోతు, ఫుటింగ్ కొలత, రాడ్ల మందం, రింగుల దూరం, ప్లింత్ బీమ్ ఉందా, ప్లాస్టరింగ్ ఒక వైపా రెండు వైపులా, ఎడమ పక్క రాయి ఎవరిది, మోత ఎవరిది అని ఒక్కొక్కటీ అడిగి కాగితం మీద రాయించుకుని, ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. ఆయన చెప్పిన మొత్తం 1,10,400. నా లెక్క రాతి కట్టుబడితో 1,69,000. మధ్యలోని 59,000 రూపాయలు ఏ గుంటలో ఉన్నాయో ఆయన నోటితోనే తేలుతుంది. ఆయన ప్లింత్ బీమ్ లేదంటే, పిల్లర్లు పన్నెండడుగులకు ఒకటి అంటే, ధర తగ్గించమని బేరం చేయకండి, పని పెంచమని చేయండి. డబ్బు మాత్రం ఫుటింగులు పడ్డాక ఒక భాగం, ప్లింత్ బీమ్ అయ్యాక ఒక భాగం, ఇటుక పని అయ్యాక ఒక భాగం, ప్లాస్టరింగ్ తడి ఆరాక మిగిలింది అన్నట్టు ఇవ్వండి. ఫుటింగులు పూడ్చక ముందు ప్రతి గుంటలోనూ టేపు నిలబెట్టి ఫోనులో ఫోటో తీసుకోండి.

గ్రావెల్ కింద అసలు మట్టి ఏ రంగులో ఉందో, వెనుక ఇల్లు మీ హద్దుకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో, కుడి పక్క మట్టం మీకంటే మెరకో పల్లమో రాస్తే, గుంట లోతునూ కుడి వైపు ఎత్తునూ సరిచేసి ఈ లెక్కను మళ్ళీ వేసి ఇస్తాను.